సీసాను పెంగ్విన్ చేయాల్సిన పని లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు ఓ పదిహేను మంది, వారానికొకసారి, రెండు గంటల క్లాసు. గదిలో ఓ మూల మూతలు, అట్టలు, గుడ్డపీలికలు, పాత సీడీలు గుట్టగా పోగేశారు. కానీ ఏం చేయించినా 'సీసాతో పెంగ్విన్', 'అట్టతో ఇల్లు' దగ్గరే ఆగిపోతోంది. పిల్లలు చేస్తారు, ఫొటో దిగుతారు, తర్వాత దాని మొహం చూడరు. మూడు నెలల్లో ఓ చిన్న ప్రదర్శన పెట్టాలి. వచ్చినవాళ్లు దూరం నుంచి చూసి వెళ్లిపోకుండా తాకాలి, ఊపాలి, వాయించాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ జిగురు నిలుస్తుంది, ఏవి ప్రమాదం అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లుగా ఈ తుక్కుతోనే పని చేస్తున్నాను. ఇలాంటి క్లాసులు చాలా నడిపాను, కొన్నింటిని చెడగొట్టాను కూడా. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు పెంగ్విన్ సంగతి. ప్లాస్టిక్ సీసాకు నలుపు తెలుపు రంగులు పూసి రెండు కళ్లు అతికించగానే అందులోని సీసా పోయినట్టే. ఇక వెలుతురు దాన్ని దాటి రాదు. నొక్కితే టక్కుమంటుంది కానీ రంగు రాలుతుందని ఎవరూ నొక్కరు. మూత తిప్పడం, నీళ్లు నింపడం, ఊదడం, దొర్లించడం అన్నీ బంద్. మిగిలింది ఒక బొమ్మ, అదీ అంతంతమాత్రం పెంగ్విన్. పిల్లలు దాన్ని పక్కన పడేశారంటే తప్పు వాళ్లది కాదండీ, దాంతో చేయడానికి ఏమీ మిగల్లేదు.

అందుకే నేను వస్తువు చేతికిచ్చి 'దీంతో ఏం చేద్దాం?' అని అడగను. అలా అడిగితే వాళ్లకు ముందే తెలిసిన బొమ్మల పేర్లే వస్తాయి. 'ఇది ఏమేం చేస్తుంది?' అని అడుగుతాను. గోడకు పెద్ద కాగితం అంటించి, పిల్లలు చెప్పిన క్రియలన్నీ రాస్తాను. నలుగుతుంది, మళ్లీ విచ్చుకుంటుంది, కిర్రుమంటుంది, జారుతుంది, వెలుతురును చీలుస్తుంది, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటుంది. అరగంటలో నలభై యాభై క్రియలు పోగవుతాయి. ప్రదర్శనకు కావలసిన సరుకంతా ఆ కాగితం మీదే ఉంటుంది, నిజం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒకసారి చిరుతిళ్ల ప్యాకెట్ల వెండి రేకు కవర్లు ఇచ్చాను. ఏడేళ్ల పాప ఒకటి గుప్పెట్లో బాగా నలిపి, బల్ల మీద వదిలేసి, వేరే పనిలో పడింది. ఆ ఉండ తనంతట తానే విచ్చుకోవడం మొదలుపెట్టింది. చిటచిట అంటూ, ఆగుతూ, మళ్లీ కొంచెం విచ్చుకుంటూ. పాప వెనక్కి వచ్చి చెవి బల్లకు ఆనించింది. 'ఇంకా మాట్లాడుతోంది' అంది. మిగతావాళ్లంతా వచ్చి చెవులు ఆనించారు. గదిలో పదిహేను మంది పిల్లలున్నా అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. తర్వాత మేం చేసిందల్లా ఒక అట్టపెట్టెకు చెయ్యి దూరేంత కన్నం ఒకటి, చెవి పట్టేంత కన్నం ఒకటి పెట్టి, లోపల కవర్లు వేయడమే. చేత్తో నలపాలి, వదిలేయాలి, చెవి పెట్టి వినాలి. రంగు లేదు, కళ్లు లేవు. ప్రదర్శనలో దాని దగ్గరే క్యూ.

బొమ్మ చేయడమే తప్పు అనడం లేదు. పికాసో 1942లో సైకిల్ సీటుకు సైకిల్ హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేశాడు. అది ఎద్దు అని చూడగానే తెలుస్తుంది, సైకిల్ సామాను అనీ తెలుస్తుంది. కన్ను ఆ రెంటి మధ్య అటూ ఇటూ ఊగుతుంది, సరదా అంతా ఆ ఊగడంలోనే ఉంది. ఆయన సీటుకు గోధుమరంగు వెంట్రుకలు అతికించి ఉంటే మనం ఈపాటికి మర్చిపోయేవాళ్లం. కాబట్టి పిల్లలు జంతువు చేస్తామంటే చేయనివ్వండి, షరతు ఒకటే: వస్తువు వస్తువుగానే కనబడాలి, రంగు వేయకూడదు. నేను మొదటి నెల రంగు డబ్బాలు బయటికే తీయను.

రెండో మాట రాశి గురించి. ఒక మూత చెత్త. ఐదువందల మూతలు ముడిసరుకు. ఘానాలో పుట్టి నైజీరియాలోని ఎన్‌సుకాలో స్థిరపడ్డ శిల్పి ఎల్ అనాట్సుయికి 1998లో మద్యం సీసాల అల్యూమినియం మూతల సంచి ఒకటి దొరికింది. వాటిని నలిపి, మడిచి, చదును చేసి, రాగితీగతో ఒకదానికొకటి కుట్టుకుంటూ పోయాడు. గోడంత పరదాలు తయారయ్యాయి. దూరం నుంచి చూస్తే జరీ వస్త్రం, దగ్గరికెళ్తే మూత మీద బ్రాండు పేరు చదవొచ్చు. తీగ కుట్టు కాబట్టి అది గుడ్డలా మడతలు పడుతుంది, వేలాడదీసిన ప్రతిసారీ వేరే ఆకారం వస్తుంది. 2015లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆయనకు జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చారు.

దీంట్లోంచి మీకు పనికొచ్చేది ఇది: మీ గుట్టలో వంద రకాలు ఒక్కొక్కటి చొప్పున ఉంటే సగం పారేయండి. రెండు మూడు రకాలే తీసుకుని, అవే రాశులుగా తెప్పించండి. వచ్చినవాటిని విడదీయడం కూడా క్లాసే. అయితే రంగుల వారీగా వద్దు, పిల్లలకు అది ఇప్పటికే విసుగు. శబ్దం వారీగా విడదీయమనండి. మూతను రేకు డబ్బాలో పడేసి విని, ఏ కుప్పలో వేయాలో తేల్చుకోవాలి. పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి, అంత శ్రద్ధగా ఇంకెప్పుడూ వినరు.

విడి వస్తువులిచ్చి పిల్లలను వదిలేయడం కొత్త సంగతేం కాదు. 1943లో, యుద్ధం మధ్యలో, కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో పాత చెక్కలు, ఇటుకలు, తుక్కుతో పిల్లలకు ఒక 'చెత్త మైదానం' తెరిచారు. జారుడుబల్లల కంటే పాడుబడ్డ స్థలాల్లోనే పిల్లలు ఎక్కువ ఆడుతున్నారని తోటల రూపశిల్పి సోరెన్‌సెన్ గమనించడమే దానికి మూలం. బ్రిటన్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో 'విడిభాగాల సిద్ధాంతం' అని దీనికి పేరు పెట్టాడు: కదిపి, కలిపి, విప్పగల వస్తువులు ఎన్ని ఎక్కువ ఉంటే కల్పనకు అంత చోటు. మీ క్లాసులో ఎప్పుడైనా ఏం చెప్పాలో తోచకపోతే ఏమీ చెప్పకుండా ఊరుకోండి. పది నిమిషాలు టెన్షన్‌గా ఉంటుంది, అంతే.

ఇక స్పర్శ. నేను అన్నిటికంటే ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. ఒక ప్రదర్శనకు పెద్ద స్పర్శ పలక చేశాం. ఉప్పుకాగితం, బబుల్ ర్యాప్, అట్ట లోపలి గీతలు, పురికొస, తీగ జాలీ, బ్రష్ వెంట్రుకలు, సందు లేకుండా అన్నీ. నాకు మహా గర్వంగా ఉండింది. చూపు లేని పెద్దావిడ ఒకరు వచ్చి రెండు చేతులతో ఎడమ నుంచి కుడికి నిదానంగా తడిమారు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ తడిమి, 'అందరూ ఒకేసారి అరుస్తున్నట్టుంది బాబూ' అన్నారు. మాటకు మాట అదే. ఆ రాత్రి పలకలో సగం పీకేసి, ప్రతి రెండు అల్లికల మధ్య బెత్తెడు మామూలు అట్ట వదిలాను. మర్నాడు చెయ్యి పెట్టిన వాళ్లందరూ ముందుకంటే రెట్టింపు సేపు ఉన్నారు. అప్పటి నుంచి స్పర్శ పలక చేస్తే కళ్లు మూసుకునే చేస్తాను, చేయిస్తాను. పిల్లల కళ్లకు గంతలు కడితే కొందరు భయపడతారు, వద్దు. బల్ల మీద తెర కట్టి, కింద నుంచి చేతులు పెట్టిస్తే చాలు.

చేతి గురించి తెలిస్తే పలక బాగా కుదురుతుంది. వేలికొన మీద రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు మొనలను కూడా వేర్వేరుగా గుర్తుపడతాం. అదే వీపు మీద అయితే దాదాపు 40 మి.మీ. దూరం ఉండాలి. అందుకే సన్న అల్లికలు వేళ్లకు పెట్టండి. మోచేతికో పాదాలకో అయితే గోలీలంత ఉబ్బెత్తువి కావాలి. వేడి చల్లదనాలు కూడా వాడుకోండి. గదిలో అన్నీ ఒకే వేడిమిలో ఉన్నా రేకు చల్లగా, ఉన్ని వెచ్చగా అనిపిస్తుంది, ఎందుకంటే రేకు చేతి వేడిని గబగబా లాగేసుకుంటుంది. ఇటలీకి చెందిన కవి మరినెత్తి 1921లో స్పర్శకళ అంటూ ఓ పలక చేసి దానికి 'సూడాన్-పారిస్' అని పేరు పెట్టాడు. సూడాన్ వైపు స్పాంజి, ఉప్పుకాగితం, ఉన్ని, బ్రష్షు. మధ్యలో సముద్రానికి చల్లగా నునుపుగా వెండికాగితం. పారిస్ వైపు పట్టు, మఖ్మల్, ఈకలు. ఆయన ఫాసిస్టు రాజకీయాలు నాకు గిట్టవు. కానీ చెయ్యి ప్రయాణం చేయాలన్న ఆలోచన మాత్రం వదులుకోలేనిది. మీ పిల్లలతో 'ఇంటి నుంచి బడి వరకు' చేయి వెళ్లే దారి చేయించండి. ఎక్కడ బురద, ఎక్కడ మెట్లు, ఎక్కడ కుక్క.

ఈ సమాధానం చదువుతూనే ఒక పని చేసి చూడండి. పాలిథీన్ సంచిలో గాలి నింపి, మూతి రబ్బరు బ్యాండుతో గట్టిగా బిగించండి. దాని ఒక మూల పైకి ఉండేలా రెండు అరచేతుల మధ్య పట్టుకుని, ఆ మూల మీద చిన్న గులకరాయి పెట్టించుకోండి. మెల్లగా నొక్కండి, వదలండి. రాయి లేస్తుంది, దిగుతుంది. కాసేపటికి చేతుల్లో ఏదో ప్రాణి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. బ్రెజిల్ కళాకారిణి లీజియా క్లార్క్ 1966లో చేసిన 'రాయి, గాలి' ఇదే. సామాను మూడు వస్తువులు. దీన్ని చూపిస్తే పిల్లల తల్లిదండ్రులు కూడా 'ఇది కళా?' అని అడగరు, 'నాకివ్వండి' అంటారు.

శబ్దానికి వద్దాం. గాజు సీసాల్లో వేర్వేరు ఎత్తుల్లో నీళ్లు పోసి వరసగా పెట్టడం అందరూ చేస్తారు. కానీ దాంట్లో ఒక తమాషా ఉంది. కర్రతో మెల్లగా కొడితే నీళ్లు ఎక్కువున్న సీసా శ్రుతి కిందికి దిగుతుంది. అదే సీసా మూతి మీద ఊదితే శ్రుతి పైకి వెళ్తుంది. కొట్టినప్పుడు కదిలేది గాజు, నీటి బరువు దాని కదలికను మందగింపజేస్తుంది. ఊదినప్పుడు మోగేది లోపలి గాలి, నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది. ఇది ముందుగా చెప్పేయకండి. ఒక జట్టుకు కొట్టే పని, ఇంకో జట్టుకు ఊదే పని ఇచ్చి, నీళ్లు తక్కువున్న సీసా నుంచి కాదు, కింది శ్రుతి నుంచి పై శ్రుతికి వరస పెట్టమనండి. రెండు జట్ల వరసలు తలకిందులుగా వస్తాయి. ఎవరిది తప్పని గొడవ మొదలైనప్పుడు మీరు టీ తాగండి.

లోహపు గొట్టాలు వేలాడదీసి మోగించాలంటే కట్టే చోటు ముఖ్యం. చివర్న కడితే టప్పుమని చచ్చిపోతుంది. పొడవులో 22.4 శాతం దగ్గర, అంటే 50 సెం.మీ. గొట్టానికి చివరి నుంచి 11.2 సెం.మీ. దగ్గర కన్నం పెట్టి దారం కట్టండి. కొట్టినప్పుడు గొట్టం కదలకుండా ఉండే చోటు అది, అందుకే దారం శబ్దాన్ని మింగదు. పాత కర్టెన్ రాడ్డు ముక్క కూడా గుడిగంటలా సాగుతుంది. గిలక్కాయల్లో గింజలు పావు వంతుకు మించి నింపొద్దు. పిల్లలు ఎప్పుడూ నిండా నింపేస్తారు, అప్పుడు అవి ఎగరడానికి చోటుండదు.

వాసన గురించి తక్కువే చెప్తాను. బ్రెజిల్‌కే చెందిన ఎర్నెస్టో నెటో సాగే పల్చటి బట్టలో లవంగం, పసుపు, మిరియం లాంటివి నింపి పైకప్పు నుంచి పెద్ద పెద్ద బొట్లలా వేలాడదీస్తాడు. పాత సాక్సులతో మీరూ చేయొచ్చు. మూడు వాసనలు దాటొద్దు, ముక్కు త్వరగా అలసిపోతుంది. ఎవరికైనా ఎలర్జీ ఉందా అని ముందే అడగండి. సీడీలను కత్తిరించొద్దు, అంచులు పెంకుల్లా చిట్లుతాయి. వాటిని నిండుగానే ఎండ పడే కిటికీలో వేలాడదీస్తే చాలు. సీడీ మీది గాడి వరసల మధ్య దూరం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆ సన్నదనమే వెలుతురును రంగులుగా చీలుస్తుంది.

జిగురు. మీరు ఏ జిగురు అని అడిగారు, నా జవాబు: వీలైనంత వరకు జిగురే వద్దు. మీ గుట్టలో సగం పాలిథీన్, పాలీప్రొపిలీన్. సీసా మూతలు, డబ్బాల మూతలు, సంచులు అన్నీ ఆ రకాలే. వాటి ఉపరితలానికి ఏ మామూలు జిగురూ గట్టిగా పట్టదు. ఎండాక వేలితో ఒలిస్తే పొరలా వచ్చేస్తుంది. కన్నం పెట్టి తీగతో కట్టండి. దబ్బనంతో, లేదా చిన్న డ్రిల్లుతో, కింద చెక్క పెట్టి పొడవండి. ఈ పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి. అట్టలకు చీలికలు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చండి. ముడతల అట్ట లోపలి గీతల వెంబడే సుళువుగా వంగుతుంది, అడ్డంగా వంచితే విరుగుతుంది. ఇది పిల్లలకు ముందే చూపించండి, సగం ఏడుపులు తగ్గుతాయి. తుక్కుతో సైన్స్ బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంలో ఉన్నప్పుడు అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి ఇళ్లు, పిరమిడ్లు కట్టించాడు. జిగురు చుక్క లేదు, పైగా కీళ్లు వంగుతాయి. విప్పి మళ్లీ కట్టుకోవచ్చు.

కాగితం, అట్ట, గుడ్డ, చెక్కకు తెల్ల జిగురు బాగా పనిచేస్తుంది, కానీ ఒక రాత్రంతా ఆరనివ్వాలి. థర్మోకోల్‌కు ఘాటు వాసన వచ్చే జిగుళ్లు తగిలితే అది కరిగి గుంటలు పడుతుంది. గ్లూ గన్ సంగతి నా సొంత అనుభవంతో చెప్తాను. ఒకసారి దాదాపు నలభై వేలాడే ముక్కలను గ్లూ గన్‌తోనే అతికించి, రేకు కప్పున్న హాల్లో, పెద్ద లైట్ల కింద కట్టాను. పొద్దున బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఒకటి రాలింది, అందరూ నవ్వారు. మూడింటికల్లా పండిన పళ్లలా రాలుతున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అదృష్టమే తప్ప నా తెలివి కాదు. ఆ జిగురు వేడికి కరిగి అతికేదే, మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. ఇప్పుడు తలపైన వేలాడే ప్రతిదానికీ తీగ లేదా తాడు ముడి ఉండాల్సిందే. ముందురోజు ప్రతి వస్తువును ఒక నిమిషం పాటు బలంగా ఊపి, శక్తికొద్దీ లాగి చూస్తాను. నా చేతిలో విరిగితేనే నయం.

ప్రమాదాల విషయంలో మాత్రం మొహమాటపడకండి. మీ పిల్లలు ఆరేళ్లు దాటినవాళ్లే, కానీ ప్రదర్శనకు వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తారు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి అమెరికా నిబంధనల్లో ఒక కొలగొట్టం ఉంది, వ్యాసం 31.7 మి.మీ. అందులో పూర్తిగా పట్టేది ఏదైనా గొంతుకు అడ్డుపడేదే. నీళ్ల సీసా మూత సుమారు 30 మి.మీ., అంటే పట్టేస్తుంది. కాబట్టి విడి మూతలు పసివాళ్లకు అందే ఎత్తులో ఉండకూడదు, కుట్టినవి లాగితే ఊడకూడదు. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు, పగిలిన బెలూన్ ముక్కలు క్లాసు గడప దాటి లోపలికే రాకూడదు. పాత బొమ్మల్లో, పాడే గ్రీటింగ్ కార్డుల్లో బటన్ బ్యాటరీ ఉంటుంది, చాలామంది మర్చిపోతారు. ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. స్ప్రే డబ్బాలు, మందుల సామాను, పురుగుమందు సీసాలు, పాత రంగు పెచ్చులూడే చెక్క ఎవరు ప్రేమగా తెచ్చిచ్చినా తిప్పి పంపండి. రేకు డబ్బాల అంచు పటకారుతో లోపలికి నొక్కి, పైన మందపాటి టేపు చుట్టండి. మిగతావి సబ్బుతో కడిగి, మూతలు తీసి రెండు రోజులు ఆరబెట్టాలి. పాల డబ్బాలు సరిగా కడక్కపోతే ఏమవుతుందో నేను వర్ణించను.

ప్రదర్శన రోజు 'ముట్టుకోండి' అని బోర్డు పెడితే ఎవరూ ముట్టుకోరు, పెద్దవాళ్లు అసలే ముట్టుకోరు. గుమ్మం దగ్గరే తప్పించుకోలేనిది ఒకటి పెట్టండి. నేను మూతలు కుట్టిన పరదా కడతాను. దాన్ని తోసుకుంటేనే లోపలికి రాగలరు, రాగానే అది గలగలమంటుంది. ఒకసారి ఒంటికి తగిలాక చేతుల మొహమాటం పోతుంది. వస్తువులన్నీ ఆరేళ్ల పిల్లల ఛాతీ ఎత్తులో ఉండాలి, పెద్దలు వంగుతారు. పలక పక్కన పేరూ వివరణా వద్దు, పిల్లల క్రియే రాయండి: 'చేత్తో నలుపు', 'ఊదు', 'చెవి పెట్టు'.

విరుగుతాయి. విరిగేవి విరుగుతాయని ముందే అనుకోండి. ఒక మూల బాగుచేసే బల్ల పెట్టి, తీగ, పటకారు, తాడు, కత్తెరతో ఇద్దరు పిల్లలను అక్కడ కూర్చోబెట్టండి. మా దగ్గర చాలాసార్లు ఆ బల్లే అసలు ప్రదర్శన అయిపోయింది, వచ్చినవాళ్లు అక్కడే కూర్చుని తీగ చుట్టడం మొదలుపెట్టారు. జాన్ తింగ్లీ అని స్విట్జర్లాండ్ శిల్పి 1960లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తోటలో పాత చక్రాలు, మోటార్లు, పియానోతో తనను తానే ధ్వంసం చేసుకునే యంత్రం కట్టాడు. మంటలంటుకుని చివరికి అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆపాల్సి వచ్చింది. మీరు అంతదూరం వెళ్లనక్కర్లేదు, ఒక బకెట్ నీళ్లు మాత్రం పక్కన ఉంచుకోండి.

వచ్చే క్లాసుకు గుట్టంతా దాచేయండి. రేకు కవర్లు ఒక సంచెడు, పెద్ద కాగితం ఒకటి, స్కెచ్ పెన్ను ఒకటి తీసుకెళ్లండి. ఏమేం క్రియలు వచ్చాయో ఇక్కడే రాయండి, వాటిలో దేన్ని పెట్టెగా మార్చొచ్చో కలిసి చూద్దాం.